“ఇష్టమైతేనే యూనిఫాం” అంటే ఎవరి ఇష్టం?

జూన్‌లో బడి తెరిచారంటే సర్కారు బడి పిల్లలకు కిట్లు వస్తాయి. సంచి, పుస్తకాలు, బెల్టు, బూట్లు, సాక్సులు, మూడు జతల యూనిఫాం. ఒకటో తరగతిలో చేరిన ఆరేళ్ల పాప ఇవన్నీ మోసుకుని ఇంటికి వస్తుంది. అదే ఆవరణలోని అంగన్‌వాడీలో పీపీ-2 చదివే ఐదేళ్ల తమ్ముడికి ఇందులో ఒక్కటీ రాదు. అక్క కొత్త బట్టలు వేసుకుని పోతుంటే వాడు గడప దగ్గర కూచుని ఏడుస్తాడు. సరిగ్గా ఆ వారంలోనే అంగన్‌వాడీ టీచరమ్మ, “ఇష్టముంటే మీరూ అందరూ ఒకే రంగు కుట్టించండమ్మా, బలవంతమేం లేదు” అన్నదనుకోండి. ఉరవకొండ చుట్టుపక్కల ఏ ఎస్సీ కాలనీలోనైనా ఆ మాట విన్న తల్లికి రాత్రంతా లెక్కలే. “అందరి పిల్లోళ్లూ యేసుకొని వస్తాంటే నా బిడ్డ ఒక్కడే పాతవి యేసుకొని పోవల్లనా?” అన్నది మొదటి ప్రశ్న. “దుడ్లు యాడివి?” అన్నది రెండోది.

ఈ రెండు ప్రశ్నల మధ్య నిర్ణయం ఎలా తీసుకోవాలన్నదే ఇక్కడి విషయం. మూడేళ్ల బిడ్డ చొక్కా గురించి ఇంత చర్చ ఎందుకని కొందరికి అనిపించవచ్చు. ఏ బట్ట కట్టాలో, ఎవరి ముందు చెప్పులు విప్పాలో తరతరాలుగా ఇతరులు నిర్ణయించిన వాడల్లో ఇది చిన్న విషయం కాదు.

ముందు హక్కు సంగతి. విద్యాహక్కు చట్టం, 2009 వర్తించేది ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు. మూడు నుంచి ఆరేళ్ల పిల్లల పూర్వ ప్రాథమిక విద్య గురించి అందులో 11వ సెక్షన్ ఉంది కానీ, ప్రభుత్వాలు “ఏర్పాట్లు చేయవచ్చు” అన్న ధోరణిలోనే ఉంది. సమగ్ర శిక్ష కింద యూనిఫాంకు ఏడాదికి రెండు జతలకు 600 రూపాయల చొప్పున లెక్క ఉంది. అది ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి వరకు చదివే ఆడపిల్లలందరికీ, ఎస్సీ, ఎస్టీ, దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబాల మగపిల్లలకూ. రాష్ట్రం ఇచ్చే కిట్టు 2020 అక్టోబరులో జగనన్న విద్యాకానుకగా మొదలైంది. ప్రభుత్వం మారాక సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర అయింది. పేరు ఏదైనా అది ఒకటో తరగతి నుంచి పదో తరగతి వరకే. అమ్మఒడి డబ్బులైనా, ఇప్పటి తల్లికి వందనం డబ్బులైనా ఒకటో తరగతి గడప దాటాకే తల్లి ఖాతాలో పడతాయి. అంటే బిడ్డ మీద ఖర్చు మొదలయ్యేది మూడో ఏట, సాయం మొదలయ్యేది ఆరో ఏట.

ఈ గీత ఇదివరకు ఇంతగా కనబడేది కాదు. అంగన్‌వాడీ ఒక చోట, బడి ఒక చోట ఉండేవి. 2022 జూన్‌లో వచ్చిన 117 నంబరు జీవోతో పీపీ-1, పీపీ-2 తరగతులను బడి వ్యవస్థలో భాగంగా చూపించారు. శాటిలైట్ ఫౌండేషన్ స్కూలు, ఫౌండేషన్ స్కూలు అని పేర్లు పెట్టారు. 2025లో ఆ జీవోను పక్కన పెట్టి కొత్త జీవోలు తెచ్చినా, అంగన్‌వాడీని బడి మెట్లలో మొదటి మెట్టుగా లెక్కించడం మాత్రం ఆగలేదు. కాగితం మీద అది బడే. కిట్టు పంచే రోజున మాత్రం కాదు. బిడ్డ ఏడుపుకు కారణం అక్కడుంది. టీచరమ్మ సలహా ఆ ఖాళీని తల్లుల చేతి డబ్బుతో పూడ్చే ప్రయత్నం. ఆమెను తప్పు పట్టి లాభం లేదు. నెలకు 11,500 రూపాయల గౌరవ వేతనం మీద బతికే మనిషి ఆమె. ఆ వేతనం పెంచమనే రాష్ట్రంలోని అంగన్‌వాడీలు 2023 డిసెంబరు నుంచి 2024 జనవరి దాకా 42 రోజులు సమ్మె చేశారు. తనిఖీకి వచ్చే సూపర్‌వైజరు కంటికి కేంద్రం కాస్త నిండుగా కనబడాలని ఆమెకూ ఉంటుంది.

ఇతర రాష్ట్రాలు ఏం చేశాయి? తమిళనాడులో అంగన్‌వాడీ పిల్లలకు ప్రభుత్వమే రంగు దుస్తులు ఇస్తుంది. తెలంగాణలో 2024 జూలైలో “అమ్మ మాట – అంగన్‌వాడీ బాట” కార్యక్రమం పెట్టినప్పుడు పూర్వ ప్రాథమిక పిల్లలకు యూనిఫాంలు పంచే పని మొదలుపెట్టారు. కాబట్టి ఇది జరగని పనేం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న 55 వేలకు పైగా అంగన్‌వాడీల పిల్లలకు కిట్టులో చోటివ్వడమా మానడమా అన్నది బడ్జెట్‌లో ఒక గీత గీసే విషయం.

ఇక మన వాళ్లు యూనిఫాం అంటే ఎందుకంత ఇష్టపడతారో చూద్దాం. “పిల్లల స్వేచ్ఛ”, “రంగురంగుల బాల్యం” అంటూ యూనిఫాం వద్దనేవాళ్ల వాదనలు పట్నాల్లో వినబడతాయి. అలమరలో పది జతలున్న ఇంట్లో ఆ వాదన బాగుంటుంది. ఒకటే మంచి చొక్కా ఉన్న ఇంట్లో, రోజూ ఏది వేసి పంపాలన్న బాధను తీసేసే బట్ట యూనిఫాం. పండగ చొక్కా పండగకు మిగులుతుంది. చిరిగిన చొక్కా ఇంటి దగ్గర ఉంటుంది.

అంతకంటే లోతైన కారణం ఇంకొకటి ఉంది. బట్ట ఎప్పుడూ కులానికి బోర్డులా పని చేసింది. తోలు పని చేసి ఊరందరికీ చెప్పులు కుట్టిన మాదిగవాడే రెడ్డిగారి వీధిలోకి వచ్చేసరికి తన చెప్పులు చేతబట్టుకోవలసి వచ్చేది. ఇది పాత కథ అనుకునేవాళ్లు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని ఒకసారి తిరగేయాలి. 2015లో సవరించి 2016 జనవరి 26 నుంచి అమల్లోకి తెచ్చిన ఆ చట్టంలో 3(1)(జడ్‌ఏ) సెక్షన్ ఉంది. బహిరంగ ప్రదేశాల్లో దళితులు, ఆదివాసీలు చెప్పులు వేసుకోకుండా, కొత్త బట్టలు కట్టుకోకుండా, సైకిలు, మోటారు సైకిలు ఎక్కకుండా అడ్డుకోవడం నేరమని అది చెబుతుంది. శిక్ష ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు, జరిమానా అదనం. 21వ శతాబ్దంలో ఒక దేశ పార్లమెంటు “కొత్త బట్టలు” అన్న మాటను క్రిమినల్ చట్టంలో రాయవలసి వచ్చిందంటే, ఆ కొత్త బట్టలను చూసి ఓర్వలేనివాళ్లు ఇంకా ఉన్నారనే కదా.

1927 డిసెంబరు చివర్లో మహాడ్‌లో మనుస్మృతిని తగలబెట్టిన తర్వాత బాబాసాహెబ్ అంబేడ్కర్ అక్కడికి వచ్చిన దళిత స్త్రీలతో ప్రత్యేకంగా మాట్లాడారు. కులాన్ని చూపించే చీరకట్టును మానేయమని, పై కులాల స్త్రీలు కట్టినట్టే నిండుగా కట్టమని, కులం గుర్తుగా వేసుకునే బరువైన వెండి కడియాలు, గొలుసులు తీసేయమని చెప్పారు. చిరిగినదైనా ఉతికిన బట్ట కట్టమన్నది ఆయన ధోరణి. స్త్రీలు వెంటనే చీరకట్టు మార్చుకున్నారు. తర్వాత కాలంలో నీలం సూటు ఆయన విగ్రహాల మీద స్థిరపడి, ప్రతి కాలనీ మొదట్లో నిలబడింది. ఆ విగ్రహం ముందు నుంచి బడికి నడిచే బిడ్డకు ఇస్త్రీ చొక్కా వేయాలని తల్లి ఆశపడితే, దాన్ని ఆడంబరం అనడానికి మనకు నోరు రాకూడదు.

అయితే అంబేడ్కర్ బాల్యంలోనే ఈ కథకు రెండో సగం కూడా ఉంది. “వెయిటింగ్ ఫర్ ఎ వీసా”లో ఆయన రాసుకున్నారు. 1901లో, తొమ్మిది పదేళ్ల వయసులో, తండ్రి పని చేసే గోరెగాం వెళ్లడానికి అన్నతో, మేనల్లుళ్లతో కలిసి సతారా నుంచి రైలెక్కారు. ఆ ప్రయాణం కోసం పిల్లలకు ఇంగ్లీషు తయారీ చొక్కాలు, మెరిసే టోపీలు, కొత్త బూట్లు, పట్టు అంచు ధోవతులు కొన్నారు. మసూర్ స్టేషన్‌లో దిగినప్పుడు ఆ బట్టలు చూసి స్టేషన్ మాస్టరు వాళ్లను బ్రాహ్మణ పిల్లలనుకున్నాడు. ఆదరంగా మాట్లాడాడు. మీరెవరని అడిగితే మహర్లమని పిల్లలు దాచకుండా చెప్పారు. ఆయన ముఖం మారిపోయింది. ఆ తర్వాత రెట్టింపు డబ్బులిస్తామన్నా బండివాడు తోలనన్నాడు. చివరికి పిల్లలే తోలుకునేలా, బండివాడు పక్కన నడిచేలా ఒప్పందం కుదిరింది. దారిలో తాగడానికి నీళ్లు దొరకలేదు.

అంటే మంచి బట్ట పని చేసింది, కాసేపు. కులం పేరు బయటపడేదాకా. ఉరవకొండలో ఆ కాసేపు కూడా ఉండదు. కాలనీ పేరు చెబితే చాలు, అవతలివాళ్లకు అన్నీ తెలిసిపోతాయి. అంగన్‌వాడీ స్థాయిలో సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. ఆహార హక్కు కేసులో 2006 డిసెంబరు 13న సుప్రీంకోర్టు ఎస్సీ, ఎస్టీ వాడలకు ముందుగా కేంద్రాలు ఇవ్వాలని, ఆరేళ్లలోపు పిల్లలు 40 మంది ఉండి కేంద్రం లేని ఏ వాడ అడిగినా మూడు నెలల్లో పెట్టాలని ఆదేశించింది. అది మనకు దక్కిన మేలు. కానీ కాలనీలోని కేంద్రానికి కాలనీ పిల్లలే వస్తారు. ఊళ్లోని కేంద్రానికి ఊరి పిల్లలు పోతారు. అందరూ ఒకే వాడ పిల్లలైన చోట యూనిఫాం ఏ తేడానూ దాచదు, ఎందుకంటే అక్కడ దాచడానికి వేరే కులం పిల్లవాడే ఉండడు. “యూనిఫాం వేస్తే అందరూ సమానం” అన్న మాట ఎవరైనా చెబితే, ఎవరితో సమానం అని అడగాలి.

పెద్ద పిల్లల బడుల్లో కూడా ఈ మాట నిలబడలేదు. తమిళనాడులో యూనిఫాం దశాబ్దాలుగా ఉంది. అయినా కులాన్ని చెప్పే రంగు దారాలు చేతులకు కట్టుకుని పిల్లలు బడికి వచ్చారు. 2023 ఆగస్టులో నాంగునేరిలో ఒక దళిత విద్యార్థి మీద, అతని చెల్లెలి మీద తోటి విద్యార్థులే కత్తులతో దాడి చేశాక, ప్రభుత్వం జస్టిస్ చంద్రు కమిటీని వేసింది. ఆ రంగు దారాలను, కులాన్ని సూచించే ఇతర గుర్తులను బడుల్లో నిషేధించాలని కమిటీ 2024 జూన్‌లో సిఫారసు చేసింది. ఒకే రంగు చొక్కా కింద నుంచి కులం మణికట్టు దగ్గర బయటికొచ్చింది.

ఇంకో దేశం కథ కూడా పనికొస్తుంది. ఇంగ్లండులో క్రైస్ట్స్ హాస్పిటల్ అనే బడి 1552లో లండన్ అనాథ, పేద పిల్లల కోసం పెట్టారు. ఆ పిల్లలకు ఇచ్చిన పొడవాటి నీలం కోటు నుంచి అలాంటి బడులన్నిటికీ “బ్లూకోట్” అన్న పేరొచ్చింది. నీలం ఆ రోజుల్లో చవక రంగు. అంటే బడి యూనిఫాం పుట్టినప్పుడు గొప్పకు గుర్తు కాదు. ఇతను ధర్మం మీద చదివే పిల్లవాడు అని వీధిలో అందరికీ తెలియడానికి గుర్తు. సర్కారు రంగు కనబడగానే “ఓ, గవర్నమెంటు బడి పిల్లోళ్లు” అని టౌన్లో తీసిపారేసే చూపు ఉందే, దానికి నాలుగైదు వందల ఏళ్ల పూర్వీకులున్నారన్నమాట. అందుకని ప్రభుత్వమిచ్చే బట్ట వద్దని కాదు నా మాట. ఇచ్చేది బాగుండాలి, బిడ్డ దాన్ని హక్కుగా తొడుక్కోవాలి.

సరే, ఇంటి లెక్కకు వద్దాం. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది ఈ జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. 2025-26లో ఆంధ్రప్రదేశ్‌కు ఆ పథకం కింద నిర్ణయించిన రోజు కూలి 307 రూపాయలు. కొలత తగ్గితే చేతికి వచ్చేది అంతకంటే తగ్గుతుంది. బట్టా కుట్టుకూలీ కలిపి జత ఐదు వందలనుకుంటే, రెండు జతలకు వెయ్యి. మూడు రోజుల కూలికి పైనే. ఇద్దరు చిన్నపిల్లలున్న ఇంట్లో వారం కూలి. ఒక్క జత చాలదా అంటే చాలదు. మూడేళ్ల బిడ్డ బువ్వ మీద పోసుకుంటుంది, మట్టిలో దొర్లుతుంది, ఒంటికి పోతుంది. ఒక్క జతే ఉంటే రోజూ సాయంత్రం ఉతకాలి, తెల్లారేసరికి ఆరాలి.

ఉతకడం అంటే నీళ్లు. ఈ మెట్టలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, అదీ పడిన ఏడు. హంద్రీ-నీవా కాలువ వచ్చిందంటే వచ్చింది, కాలువలో నీళ్లు పారిన రోజు కాలనీ కుళాయిలో పారినట్టు కాదు. ఎండాకాలం బిందెల వరస ఆడవాళ్ల పని. తెల్ల చొక్కా మీద ఉరవకొండ ఎర్రమన్ను పడితే ఒక్క బిందెతో వదలదు. కాబట్టి యూనిఫాం ధర దుకాణంలో కట్టే డబ్బుతో అయిపోదు. రోజూ తల్లో, అవ్వో, చాలా ఇళ్లలో పదేళ్ల అక్కో మోసే రెండు బిందెల్లో కూడా ఆ ధర ఉంది. ఎవరైనా రంగు ఎంపిక చేయమంటే తెలుపు వద్దనండి. ముదురు ఎరుపు, గోధుమ, ముదురు నీలం ఈ మన్నుకు సరిపోతాయి.

బిడ్డ ఒంటి సంగతి కూడా ఉంది. మూడు, నాలుగేళ్ల పిల్లలు తామే నిక్కరు జార్చుకుని, మళ్లీ ఎత్తుకోవడం నేర్చుకునే వయసు అది. బెల్టు, హుక్కు, జిప్పు ఉన్న నిక్కరు వేస్తే పాయిఖానా దాకా పోయేలోపే తడిసిపోతుంది. అందరి ముందూ తడిసిన బిడ్డ మర్నాడు కేంద్రానికి రానంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ 40 డిగ్రీలు దాటుతుంది. పాలిస్టరు చొక్కా, మెడకు టై, కాలికి సాక్సు, బూటు వేస్తే చెమటకాయలు లేచి ఒళ్లంతా గీరుకుంటారు. ఎలాస్టిక్ నిక్కరు, పొట్టి చేతుల నూలు చొక్కా, ముందు రెండే గుండీలు చాలు. ఆడపిల్లకు కూడా గౌను కంటే నిక్కరు, చొక్కా అయితే చెట్టెక్కడానికి, జారుడుబల్ల మీద జారడానికి వీలు. ఈ వయసు పిల్లలు ఏడాదిలో ఐదారు సెంటీమీటర్లకు పైగా పెరుగుతారు. జూన్‌లో సరిపోయింది మళ్లీ జూన్‌కు సరిపోదు.

చుట్టూ ఉన్నవన్నీ బట్టల ఊళ్లే కావడం ఇక్కడి విచిత్రం. ఉరవకొండలో మగ్గాల మీద పట్టుచీరలు నేస్తారు. రాయదుర్గం, బళ్లారి జీన్స్ ప్యాంట్లకు పేరుమోశాయి. పామిడిలో రెడీమేడు బట్టల వ్యాపారం ఇంటింటా ఉంది. ఇన్ని కుట్టు మిషన్ల మధ్య ఒక అంగన్‌వాడీ పిల్లలకు సరిపడా గుడ్డ కుట్టించడానికి ఏ పెద్ద టెండరూ అక్కర్లేదు. పొదుపు సంఘంలో మిషను కుట్టే ఆడవాళ్లకు పని ఇస్తే ఆ కూలి కూడా వాడలోనే ఉంటుంది.

ఇప్పుడు అసలు చిక్కు. “ఐచ్ఛికం” అన్న మాట. ఒక కేంద్రంలో ఇరవై మంది పిల్లలున్నారనుకోండి. మొదటి వారం నలుగురు కుట్టించుకుంటారు. అప్పుడు యూనిఫాం వేసుకున్నవాళ్లు వింతగా కనబడతారు. నెలకు పదిహేను మంది అవుతారు. ఇప్పుడు వింతగా కనబడేది మిగిలిన ఐదుగురు. ఎవరూ బలవంతం చేయలేదు, అయినా ఐచ్ఛికం అన్నది ఆ రోజుతో పోయింది. ఆ ఐదుగురు ఎవరో ముందే చెప్పవచ్చు. వేరుశనగ పోయి అమ్మానాన్న బెంగళూరుకు వలస పోతే అవ్వ దగ్గర ఉన్న పిల్లలు. భర్త చనిపోయిన తల్లి పిల్లలు. మధ్యలో వచ్చి చేరిన పిల్లలు. వాడలో అందరికంటే అంగన్‌వాడీ గుడ్డు, పాలు, అన్నం ఎక్కువ అవసరమున్నవాళ్లు వాళ్లే. గ్రూప్ ఫొటోలో వెనక్కి నిలబెట్టినా, పంద్రాగస్టు పాటలో పక్కన కూచోబెట్టినా ఆ బిడ్డలు ఇంటి దగ్గర ఉండిపోతారు. చొక్కా వల్ల గుడ్డు పోతుంది.

అంబేడ్కర్ చిన్నప్పుడు బడిలో విడిగా గోనెపట్టా మీద కూచున్నారని, ఆ పట్టాను రోజూ తనే ఇంటికి మోసుకుపోయేవారని మనకు తెలుసు. విడిగా కూచోబెట్టడం ఎలా ఉంటుందో తెలిసిన వాడ, తన పిల్లల్లోనే ఐదుగురిని విడిగా కనబడేలా చేయకూడదు.

అందుకే నా అభిప్రాయం ఇది: అంగన్‌వాడీ యూనిఫాం గురించి ఇంట్లో విడిగా నిర్ణయం తీసుకోవద్దు. ఇది ఒక్క తల్లి తేల్చుకునే విషయంలా కనబడుతుంది కానీ కాదు. మొదటి చొక్కా కుట్టించకముందే తల్లులందరూ కేంద్రం దగ్గర కూచుని మాట్లాడుకోవాలి. అందరికీ రెండేసి జతలు రాగలవా? వలస ఇంటి పిల్లలవి ఎవరు పెట్టుకుంటారు? పంచాయతీ నిధి, దాత, పొదుపు సంఘం, ఏదో ఒక దారి దొరికి ఇరవై మందికీ వచ్చేటట్టుంటే కుట్టించండి, సంతోషంగా వేయండి. పద్దెనిమిది మందికే వచ్చేటట్టుంటే ఈ ఏడు వద్దనుకోండి. లేదా మధ్యే మార్గం ఉంది. పైన వేసుకునే ఒకే రంగు చేతుల్లేని కోటు లాంటిది కుట్టించి కేంద్రంలోనే ఉంచడం. పొద్దున వచ్చాక అందరూ తొడుక్కుంటారు, పోయేటప్పుడు విప్పేస్తారు. గుడ్డ తక్కువ, ఉతుకు వారానికి ఒకసారి, కింద ఏ చొక్కా ఉందో ఎవరికీ పట్టదు.

అప్పు చేసి మాత్రం వద్దు. నూటికి మూడు, ఐదు రూపాయల వడ్డీకి తెచ్చి మూడేళ్ల బిడ్డకు యూనిఫాం కుట్టించడం కంటే ఉతికిన పాత చొక్కా వేసి, తల దువ్వి, ముక్కు తుడిచి పంపడం మేలు. ఆ డబ్బుంటే ముందు చెప్పులు కొనండి. ఎండలో కాలే మట్టి మీద చొక్కా రంగు ఎవరికీ కనబడదు.

ప్రైవేటు బడి ఎల్‌కేజీ సంగతి వేరు. అక్కడ ఐచ్ఛికం అన్న మాటే ఉండదు. లోగో ఉన్న చొక్కా, టై, బెల్టు, బుధవారానికో శనివారానికో వేరే జత, అన్నీ ఫీజు కాగితంతో పాటే వస్తాయి. చేర్పించే ముందే మొత్తం ఖర్చు రాసివ్వమని అడగండి. విద్యాహక్కు చట్టం 12(1)(సి) సెక్షన్ కింద పేద, అణగారిన వర్గాల పిల్లలకు 25 శాతం సీట్లున్నాయి. ఆ సెక్షన్ ప్రకారం పూర్వ ప్రాథమిక తరగతులున్న బడికి అక్కడి నుంచే అది వర్తించాలి. మన రాష్ట్రంలో మాత్రం ఈ ప్రవేశాలు ఒకటో తరగతిలో ఇస్తున్నారు. ఆ కోటాలో చేరిన బిడ్డను తరగతిలో విడిగా కూచోబెట్టకూడదని, పుస్తకాలు, యూనిఫాం వంటి సౌకర్యాల్లో తేడా చూపకూడదని 2010 నాటి కేంద్ర నిబంధనల్లో స్పష్టంగా ఉంది. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే ఎల్‌కేజీ కోసం రెండేళ్లు అప్పుల్లో పడకుండా, బిడ్డను అంగన్‌వాడీలో ఉంచి ఒకటో తరగతికి దరఖాస్తు చేసుకునే దారి ఉందని తెలుస్తుంది.

అంగన్‌వాడీలో యూనిఫాం లేదని ఎవరైనా బిడ్డను వెనక్కి పంపితే, అన్నం దగ్గర వేరుగా చూస్తే, ఊరుకోనక్కర్లేదు. మూడు నుంచి ఆరేళ్ల బిడ్డకు అక్కడి బువ్వ చట్టం ఇచ్చినది. జాతీయ ఆహార భద్రతా చట్టం, 2013లో ఉంది. బట్టకూ దానికీ లింకు లేదు. ముందు టీచరమ్మతో మాట్లాడండి, చాలాసార్లు అక్కడే తెమిలిపోతుంది. ప్రతి కేంద్రానికీ వార్డు సభ్యులు, తల్లులు ఉండే పర్యవేక్షణ కమిటీ ఒకటి ఉండాలి. మీ కేంద్రంలో అందులో ఎవరున్నారో అడిగి తెలుసుకోండి, మీ పేరూ చేర్పించండి. అక్కడ తేలకపోతే సూపర్‌వైజరు, ఆ పైన సీడీపీవో. ప్రతి సోమవారం కలెక్టరేటులో అర్జీలు తీసుకుంటారు. పిల్లల విషయానికి 1098, కులం పేరుతో అవమానం జరిగితే ఎస్సీ, ఎస్టీల జాతీయ హెల్ప్‌లైన్ 14566. అర్జీ రాసేటప్పుడు ఒక్క బిడ్డ ఫిర్యాదుగా కాకుండా, “మా కేంద్రంలోని పీపీ-1, పీపీ-2 పిల్లలందరికీ బడి కిట్టులో ఇచ్చినట్టే యూనిఫాం ఇవ్వాలి” అని తల్లులంతా కలిసి రాయండి. పిల్లల సంఖ్య, వయసులు రాయండి. నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి.

ఇక అందరూ ఒప్పుకుని కుట్టించడానికే సిద్ధమైతే, టైలరుకు నాలుగు మాటలు చెప్పండి. నిక్కరు అంచు లోపల రెండంగుళాల మడత వదలాలి, ఏడాది మధ్యలో విప్పుకోవచ్చు. చొక్కా భుజాలు కాస్త వదులుగా ఉండాలి. గుండీలు పెద్దవి పెట్టాలి, బిడ్డ తనే పెట్టుకోగలిగేంత. పేరు రాయాలంటే కాలరు లోపలి వైపు రాయండి, బయట వద్దు. పొట్టి అయిపోయిన చొక్కాను పడేయకుండా ఉతికి కేంద్రంలో ఇచ్చేయండి, సంక్రాంతి తర్వాత చేరే పిల్లలకు పనికొస్తుంది.